తెలుగు మీడియం నుంచి వచ్చి విశాఖలో క్యాట్‌కి చదువుతున్నవాళ్లు ఆరు నెలల్లో ఏం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: విశాఖలో బీటెక్ ఆఖరి ఏడాది, పదో తరగతి దాకా తెలుగు మీడియం, నవంబరులో క్యాట్ (ఐఐఎంలలో ఎంబీఏకి రాసే ప్రవేశ పరీక్ష), చేతిలో ఆరు నెలలు. ద్వారకానగర్‌లో కోచింగ్‌లో చేరాలా, ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చా, ఇంగ్లిష్ సెక్షన్‌ని ఎలా దాటాలి?

కోచింగ్ గురించి తర్వాత చెప్తాను. ముందు పరీక్ష ఎలా ఉంటుందో చూడండి, ఎందుకంటే మన దగ్గర ఎంసెట్ అలవాటుతో క్యాట్‌కి వెళ్లేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. మూడు సెక్షన్లు: ఇంగ్లిష్ (వార్క్ అంటారు), డేటా-లాజిక్ (డీఐఎల్ఆర్), లెక్కలు (క్వాంట్). ఒక్కోదానికి 40 నిమిషాలు, వరస కూడా ఇదే. ఒక సెక్షన్‌లో ఉండగా ఇంకోదానికి పోలేరు, మిగిలిన టైము ముందుకు రాదు. 2024లో 24, 22, 22 చొప్పున మొత్తం 68 ప్రశ్నలు, 204 మార్కులు వచ్చాయి. సరైన జవాబుకి 3, తప్పుకి మైనస్ 1. ఆప్షన్లు లేకుండా జవాబు టైప్ చేసే ప్రశ్నలుంటాయి, వాటిని టిటా అంటారు. వాటికి మైనస్ లేదు.

ఈఏపీసెట్‌లో (పాత ఎంసెట్) 160 ప్రశ్నలు, 3 గంటలు, మైనస్ లేదు. రాష్ట్రంలో ఎంబీఏ, ఎంసీఏలకి రాసే ఐసెట్‌లో 200 ప్రశ్నలు, 150 నిమిషాలు, అక్కడా మైనస్ లేదు. ఈ రెండిటికీ చదివినవాళ్లకి ఏ ప్రశ్ననీ ఖాళీగా వదలబుద్ధి కాదు. క్యాట్ క్వాంట్‌లో 12 ప్రశ్నలు ముట్టుకుని 10 సరిగ్గా చేస్తే 30లో 2 పోయి 28 మార్కులు. అదే విద్యార్థి ఆదరాబాదరాగా 18 ముట్టుకుని 11 సరిగ్గా, 7 తప్పుగా చేస్తే 33లో 7 పోయి 26. ఆరు ప్రశ్నలకి ఎక్కువ కష్టపడి రెండు మార్కులు పోగొట్టుకున్నట్టు. కాబట్టి సిలబస్ పూర్తి చేయడం ఎంత ముఖ్యమో, ఏది వదలాలో తెలుసుకోవడం అంతకంటే ముఖ్యం. ఈ ఆరు నెలలూ మీరు సాధన చేయాల్సింది ఆ ఎంపికనే.

గుడ్డిగా పెట్టడం గురించి కూడా ఒకసారి లెక్క వేసుకుని ఉంచుకోండి. నాలుగు ఆప్షన్లలో ఏదీ తెలియకుండా పెడితే సగటున లాభమూ లేదు, నష్టమూ లేదు. ఒక ఆప్షన్ కచ్చితంగా తప్పని తీసేయగలిగితే సగటున మూడో వంతు మార్కు లాభం. రెండు తీసేస్తే ఒక మార్కు లాభం. కానీ 'కచ్చితంగా' అన్నది నిజంగా కచ్చితం అవ్వాలి. టిటా ప్రశ్నకి మాత్రం అంచనాగా వచ్చిన సంఖ్య అయినా సరే కొట్టి రండి, పోయేదేమీ లేదు.

ఇప్పుడు ఇంగ్లిష్. పర్సంటైల్ (రాసినవాళ్లలో నూటికి ఎంతమంది మీ వెనక ఉన్నారన్న అంకె) ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే, పైగా ఐఐఎంలు మొత్తం పర్సంటైల్‌తో పాటు ప్రతి సెక్షన్‌కీ విడిగా కనీస పర్సంటైల్ అడుగుతాయి. లెక్కల్లో 99 వచ్చినా ఇంగ్లిష్‌లో కటాఫ్ దాటకపోతే పిలుపు రాదు. 24 ప్రశ్నల్లో 16 నాలుగు ప్యాసేజీల మీదే వస్తాయి. ఒక్కోటి 450 నుంచి 500 పదాల దాకా ఉంటుంది. తత్వం, ఆర్థికం, పర్యావరణం, చరిత్ర, మానవశాస్త్రం, ఏదైనా రావచ్చు. నేరుగా పదాల అర్థాలు అడిగే ప్రశ్నలు ఉండవు. అందుకే వేల పదాల జాబితాలు బట్టీపట్టడం మానేయండి. తెలుగు మీడియం పిల్లలు మొదటి రెండు నెలలు దీనికే ఖర్చు చేసి, ఆగస్టులో మొదటి మాక్ (నమూనా పరీక్ష) రాసి బెంబేలెత్తుతారు. కష్టం పదం దగ్గర కాదు, నాలుగు పేరాల వాదం మొదటి నుంచి చివరి దాకా తలలో నిలవకపోవడం దగ్గర.

దానికి మందు ఒకటే, రోజూ చదవడం. మొదటి నెల ద హిందూ సంపాదకీయం పేజీలోంచి రెండు వ్యాసాలు. రెండో నెల నుంచి ఏయాన్ లాంటి ఆన్‌లైన్ పత్రికల్లో వచ్చే పొడుగాటి వ్యాసం రోజుకొకటి, అదీ మీకు ఇష్టంలేని విషయం మీద. చదివే పద్ధతి ఇలా పెట్టుకోండి. ప్రతి పేరా అవ్వగానే ఆగి, ఆ పేరా ఏం చెప్పిందో తెలుగులోనే ఒక్క వాక్యంలో చెప్పుకోండి. తెలుగులో చెప్పుకోవడానికి మొహమాటపడకండి. ఇంగ్లిష్‌లో చెప్పుకుంటే వ్యాసంలోని మాటలనే తిప్పి చెప్పి అర్థమైందనుకుంటాం. తెలుగులో చెప్పాలంటే నిజంగా అర్థమవ్వాలి. చివర్లో రెండు ప్రశ్నలు వేసుకోండి: రచయిత ఎవరితో విభేదిస్తున్నాడు? ఏ పేరా తీసేస్తే వాదం కూలిపోతుంది? ఆరేడు వారాలు గడిచాక ఆగి చెప్పుకోవాల్సిన అవసరం దానంతటదే తగ్గుతుంది.

ప్యాసేజీ చదవడం ఒక ఎత్తు, ఆప్షన్ ఎంచుకోవడం ఇంకో ఎత్తు. తప్పు ఆప్షన్లు కొన్ని రకాలుగానే తయారవుతాయి. ఓన్లీ, ఆల్వేస్, నెవర్ లాంటి మాటతో రచయిత అన్నదానికంటే గట్టిగా చెప్పేది ఒకటి. లోకంలో నిజమే గానీ ప్యాసేజీలో లేనిది ఇంకోటి. మొదటి సగం ఒప్పు, రెండో సగం తప్పు అయినది మూడోది. కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేసేది నాలుగోది. వేరే పేరాలోని మాటని ఈ ప్రశ్నకి అతికించేది ఐదోది. రోజూ నాలుగు ప్యాసేజీలు చేసి, తప్పయిన ప్రతి ప్రశ్న పక్కన మీరు పడిన వల ఏ రకమో రాయండి. చాలామందికి ఒకటో రెండో రకాలే పదే పదే వస్తాయి. అవి తెలిసిన వారం నుంచే మార్పు కనపడుతుంది. సరైన ఆప్షన్ ఎందుకు సరైనదో రాసుకుంటే చాలదు, మీరు పెట్టినది ఎందుకు తప్పో రాయాలి.

మిగిలిన 8 ప్రశ్నల్లో వాక్యాల వరస పెట్టడం, పేరాకి సారాంశం, పొసగని వాక్యం, ఖాళీలో వాక్యం అమర్చడం వస్తాయి. వాక్యాల వరస ప్రశ్నకి ఆప్షన్లు ఉండవు, నాలుగంకెలు టైప్ చేయాలి. విడదీయలేని జంట ఒకటి ముందు పట్టుకోండి: ఒక వాక్యంలో పేరు, తర్వాతి దానిలో దిస్, దే లాంటి సర్వనామం. ఈ ఎనిమిదికీ 10 నిమిషాలు, ప్యాసేజీలకి 30. నాలుగో ప్యాసేజీ అర్థం కాకపోతే దాన్ని వదిలేసి మూడింటిని శుభ్రంగా చేయడం మేలు.

డీఐఎల్ఆర్‌లో చదవాల్సిన సిలబస్ అంటూ లేదు. 2024లో ఐదు సెట్లు ఇచ్చారు, మూడింట్లో నాలుగేసి, రెండింట్లో ఐదేసి ప్రశ్నలు. మొదటి 5 నిమిషాలు పెన్ను కదపకుండా ఐదూ చదవండి, ఒక్కోదానికి ఒక నిమిషం. నాకు పనికొచ్చే గుర్తులు ఇవి: పట్టిక గీయడానికి అడ్డంగా ఏం పెట్టాలో, నిలువుగా ఏం పెట్టాలో చదవగానే తోస్తే మంచి సెట్. షరతుల్లో కచ్చితమైన అంకెలు రెండు మూడు ఉంటే ఇంకా మంచిది. ప్రశ్నలన్నీ 'ఒకవేళ' అంటూ కొత్త షరతుతో మొదలైతే అసలు అమరిక పూర్తిగా తేలదని అర్థం, దాన్ని చివరికి పెట్టండి. ఎంచుకున్న సెట్‌కి 10 నుంచి 12 నిమిషాలు. ఏడో నిమిషానికి పట్టికలో ఒక్క గడి కూడా కచ్చితంగా నిండకపోతే లేచి వచ్చేయండి. ఇంతసేపు పెట్టాం కదా అని ఇంకో పది నిమిషాలు కూర్చోవడం ఈ సెక్షన్‌లో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అలవాటు. సాధనలో మాత్రం దీనికి పూర్తిగా ఉల్టా: గడియారం తీసేసి, జవాబు చూడకుండా, గంట పట్టినా తేలేదాకా కూర్చోండి. వారం తర్వాత అదే సెట్ మళ్లీ చేయండి. రోజుకి రెండు సెట్లు చాలు. టోర్నమెంట్లు, దారులు-నెట్‌వర్కులు, వెన్ చిత్రాలు, టైంటేబుళ్లు అన్నీ తగలాలి.

లెక్కల్లో ఎంపీసీ నుంచి వచ్చినవాళ్లకి బీజగణితం బాగానే ఉంటుంది. అంకగణితాన్ని ఏడో తరగతి లెక్కలని పక్కన పెడతారు, కానీ 22 ప్రశ్నల్లో సగానికి మించి వచ్చేది అంకగణితం, బీజగణితం కలిపే. ఇంకో చిక్కు, ప్రతిదానికీ ఎక్స్, వై పెట్టే అలవాటు. ఒకరు 12 రోజుల్లో, ఇంకొకరు 18 రోజుల్లో చేసే పని కలిసి ఎన్ని రోజులు? మొత్తం పనిని 36 భాగాలనుకోండి. రోజుకి 3, 2 కలిపి 5. 36ని 5తో భాగిస్తే 7.2 రోజులు. పెన్ను అక్కర్లేదు. ధర 25 శాతం పెరిగితే ఖర్చు మారకుండా వాడకం ఎంత తగ్గాలి? నాలుగో వంతు పెరిగింది కాబట్టి ఐదో వంతు, అంటే 20 శాతం తగ్గాలి. ఇలా శాతాలని భిన్నాల్లోకి మార్చడం (12.5 అంటే ఎనిమిదో వంతు, 16.66 అంటే ఆరో వంతు) నోటికి వస్తే శాతాలు, లాభనష్టాలు, మిశ్రమాలు, కాలం-పని, వేగం-దూరం అన్నీ ఒక్కసారే తేలికవుతాయి. మొదటి రెండు నెలలు అంకగణితం, తర్వాత నెలన్నర బీజగణితం, ఆపైన జ్యామితి, సంఖ్యలు. ప్రస్తారాలు, సంభావ్యత మౌలికాంశాల వరకు చాలు. తెర మీద క్యాలిక్యులేటర్ ఇస్తారు గానీ మౌస్‌తో నొక్కడం నెమ్మది. పెద్ద భాగహారాలకి తప్ప దాని జోలికి పోకండి. పరీక్షలో మొదటి చుట్టు 20 నిమిషాల్లో 22 ప్రశ్నలూ కళ్లతో చూసి, దారి వెంటనే తోచినవి మాత్రమే చేయాలి. తేలిక ప్రశ్న ఇరవయ్యోదిగా ఉండొచ్చు, వరసగా వెళ్లేవాళ్లు దాని దాకా చేరరు.

మాక్‌ల సంగతి. ఆగస్టు నుంచి వారానికి ఒకటి, అక్టోబరులో వారానికి రెండు, మొత్తం ఇరవై దాకా. రెండు గంటల మాక్‌ని విశ్లేషించడానికి మూడు నాలుగు గంటలు పెట్టలేకపోతే ఆ మాక్ రాయకండి. నోట్‌బుక్‌లో ప్రతి తప్పుకీ, వదిలేసిన ప్రతి తేలిక ప్రశ్నకీ కారణం రాయండి: విషయం రాదు, ప్రశ్న సరిగ్గా చదవలేదు, లెక్క తప్పింది, అసలు ముట్టుకోకూడనిది ముట్టుకున్నాను. ఈ నాలుగింట్లో చివరిదే ఎక్కువగా ఉంటుంది. దానికి మందు ఇంకో పుస్తకం కాదు. మాక్‌లో స్కోరు అటూ ఇటూ ఊగడం మామూలే, దాన్ని చూసి సంస్థ మార్చడం, పుస్తకాలు మార్చడం చేయకండి. 2020 నుంచి పరీక్ష రెండు గంటలే, ఏటా మూడు స్లాట్లు, అంటే ఒకే రోజు మూడు విడతలు. 2020 నుంచి 2024 దాకా పదిహేను పాత పేపర్లు ఉన్నాయి. వాటిలో నాలుగు నవంబరుకి దాచుకోండి. పరీక్షకి మూడు రోజుల ముందు మాక్‌లు ఆపేయండి.

కోచింగ్ కావాలా అంటే, టెస్ట్ సిరీస్ (మాక్‌ల కట్ట) తప్పనిసరి, తరగతి గది తప్పనిసరి కాదు. గాజువాక, కూర్మన్నపాలెం వైపు నుంచి రోజూ ద్వారకానగర్‌కి వచ్చి వెళ్లాలంటే రెండున్నర గంటలు బస్సుకే పోతాయి. అది మీ రోజువారీ చదువులో సగం. ఎంవీపీ, మద్దిలపాలెం, సీతమ్మధార వాళ్లకి ఆ బాధ లేదు. ఒంటరిగా కూర్చోలేని స్వభావమైతే చేరండి, తప్పులేదు. చేరేముందు డెమో క్లాసు బాగుందా అని కాదు, మాక్ రాసిన తర్వాత నా పేపరు ముందుపెట్టుకుని ఎవరు మాట్లాడతారు అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే ఆ డబ్బు మిగుల్చుకోండి. ఇంట్లో ఇరుకైతే ద్వారకానగర్‌లోని విశాఖపట్నం పబ్లిక్ లైబ్రరీకి వెళ్లి చూడండి, పేపర్లు కూడా అక్కడే చదువుకోవచ్చు.

దరఖాస్తు ఆగస్టు మొదట్లో తెరుచుకుని సెప్టెంబరు మధ్యలో మూసేస్తారు. ఆఖరి ఏడాదివాళ్లు రాయొచ్చు. డిగ్రీలో 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకి 45 శాతం ఉండాలి. పరీక్ష కేంద్రాల్లో విశాఖపట్నం ఉంటుంది, దాన్నే మొదటి ఎంపికగా పెట్టండి. పరీక్ష ఈమధ్య నవంబరు చివరి ఆదివారం పెడుతున్నారు, అది మన తీరానికి తుఫాన్ల కాలం. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చేవాళ్లు, ముఖ్యంగా ఉదయం 8:30 స్లాట్ పడినవాళ్లు, ముందురోజే వచ్చి ఉండాలి. కేంద్రం ఊరి చివర కాలేజీలో పడొచ్చు, అటు ఉదయం పూట బస్సులుంటాయో లేదో ముందే కనుక్కోండి. హాల్‌టికెట్ వచ్చి స్లాట్ తెలిశాక మిగిలిన మాక్‌లన్నీ అదే గంటకి రాయండి.

బీసీ కోటాలో దరఖాస్తు చేసేవాళ్లకి గట్టిగా చెప్తున్నాను: రాష్ట్ర ప్రభుత్వ బీసీ కుల ధ్రువపత్రం ఇక్కడ చెల్లదు. మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండాలి, నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉండాలి. ఈడబ్ల్యూఎస్ వాళ్లకి ఆ ఆర్థిక సంవత్సరానికి ఇచ్చిన పత్రమే కావాలి, నిరుటిది పనికిరాదు. రెండూ తహసీల్దార్ కార్యాలయం నుంచి రావాలి, పేరులో ఒక్క అక్షరం పదో తరగతి మెమోతో కలవకపోయినా మళ్లీ తిరగాలి. సచివాలయంలో జూన్‌లోనే అర్జీ పెట్టేయండి.