నలభై గదుల వియన్నా

చి. అమ్మాయికి,

ఆశీస్సులు. నీ వియన్నా వ్యాసం అందింది. మొదటిసారి మీ నాన్న స్నేహితుడిగా చదివి మురిసిపోయాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. ఈ ఉత్తరం ఆ రెండోసారిది, కాస్త ఓర్చుకో.

షోన్‌బ్రున్ రాజభవనంలో 1441 గదులున్నాయని రాశావు. నిజమే, ఆ లెక్క ప్రతి గైడూ చెబుతాడు. కానీ టికెట్టు కొన్నవాళ్ళకి చూపించేవి నలభై, అటూ ఇటూగా. నువ్వు నడిచింది ఆ నలభై గదుల్లోనే. అదీ జూన్ ఉక్కలో, టూరు బృందాల మధ్య నలుగుతూ, అద్దాలకంటే ముందువాళ్ళ వీపులే ఎక్కువ చూస్తూ. మరి ఆ ఉక్క ఏదీ? ఆ వీపులేవీ? నువ్వు అడుగు పెట్టని పధ్నాలుగు వందల గదులేమో దర్జాగా వచ్చి పేరా నిండా కూర్చున్నాయి. వారం తిరక్కుండా తిరిగొచ్చేసినవాళ్ళు ఊరంతా రాయబోతే ఇదే అవుతుంది. నీ నలభై గదులు నువ్వు రాయి. మిగతావి చూసుకోడానికి ఆ భవనాన్నేలిన హాప్స్‌బర్గు రాజవంశం చరిత్ర రాసేవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు.

‘ఇక్కడి మనుషులు స్వతహాగా నిజాయితీపరులు, అందుకే మెట్రోలో గేట్లు లేవు’ అన్నావు. గేట్లు లేకపోవడం నువ్వు చూసింది. నిజాయితీ నువ్వు కలిపింది. మామూలు బట్టల్లో తనిఖీవాళ్ళు ఎక్కుతారు, టికెట్టు లేకుండా దొరికితే వంద యూరోలు దాటిన జరిమానా చేతిలో పెడతారు. పైగా 2012లో ఏడాది పాసు ధరని 365 యూరోలకి దించారు, అంటే అప్పట్లో రోజుకి ఒక్క యూరో. ఆ తరవాత లక్షలమంది పాసులు తీసుకున్నారు. జేబులో ఏడాది పాసున్నవాడికి గేటు ఉంటేనేం, లేకపోతేనేం! ఇది రాస్తే ఆ ఊరు ఎలా నడుస్తోందో చదివేవాడికి తెలుస్తుంది. దాని కిందనే, వాళ్ళని మెచ్చుకుంటూ మనవాళ్ళకి ఓ వాత పెట్టిన పేరా ఉంది చూడు, అది నేనే కొట్టేశాను. విదేశం వెళ్ళొచ్చిన ప్రతి తెలుగువాడి వ్యాసంలోనూ ఆ పేరా ఉంటుంది. నీది వేరే వెతుక్కో.

ఇక అసలు సంగతి. ‘కాఫీతోపాటు చిన్న లోహపు ట్రేలో గ్లాసుడు నీళ్ళు తెచ్చిపెట్టాడు, గ్లాసు మీద చెంచా బోర్లించి ఉంది.’ నేను పెన్సిలు కింద పెట్టేసింది ఈ ఒక్క వాక్యం దగ్గరే. నువ్వు మాత్రం కాఫీ ధర చెప్పేసి, మరుక్షణం మ్యూజియంలోకి వెళ్ళిపోయావు. అక్కడ ఆగాలమ్మా! ఆ నీళ్ళెక్కడివి? సీసావి కావు, కుళాయివి. పంతొమ్మిదో శతాబ్దం సగం దాటేదాకా ఆ ఊరు ఎక్కువగా బావుల నీళ్ళమీదే బతికింది. అవి పాడై కలరాతో, టైఫాయిడ్‌తో అల్లాడింది. నగరసభలో సభ్యుడైన ఎడువర్డ్ సూస్ అనే భూగర్భ శాస్త్రవేత్త, ఆల్ప్స్ కొండల ఊటనీళ్ళే తెచ్చుకుందామని పట్టుబట్టాడు. 90 కిలోమీటర్ల పైచిలుకు కాలువ తవ్వి, పంపులు లేకుండా, వాలు మీదే రాక్స్, ష్నీబెర్గ్ కొండల నీళ్ళని ఊళ్ళోకి పారించారు. అది 1873. ఆ ఏడాది అక్టోబరులో ష్వార్జెన్‌బర్గ్ కూడలిలో ఫౌంటెన్ ఎగజిమ్ముతుంటే చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ వచ్చి ప్రారంభించాడు. ఊరు పెరిగి అవీ చాలకపోతే 1910లో ఇంకా దూరపు కొండల నుంచి రెండో కాలువ తెచ్చారు. నువ్వు ఆ ఫౌంటెన్ ముందు నిలబడి ఫొటో దిగావు. దాని వెనకున్న సోవియట్ సైనికుల స్మారకం గురించి అరపేజీ రాశావు. మొహాన తుంపర్లు కొట్టిన ఫౌంటెన్ గురించి ఒక్క ముక్క లేదు.

అన్నట్టు, గోండ్వానాలాండ్ అనే ప్రాచీన ఖండానికి ఆ పేరు ప్రచారంలోకి తెచ్చింది కూడా ఈ సూసే. మన గోండుల పేరు మీదుగా వచ్చిన గోండ్వానా అది. సింగరేణి బొగ్గు దొరికేది ఆ ఖండం నాటి రాళ్ళలోనే. లంకె దొరికింది కదా అని వ్యాసాన్ని వియన్నా నుంచి కొత్తగూడెం దాకా లాక్కురాకు. ఒక్క వాక్యం పెట్టి ముందుకి పో, చదివేవాడు తనంతట తను ఉలిక్కిపడతాడు.

ఇదంతా నువ్వు అక్కడున్నప్పుడే తెలియాలని కాదు. వచ్చాక చదువుకోవచ్చు. అయితే ఏం చదవాలన్నది నీ కాళ్ళూ, కళ్ళూ, నాలుకా చెప్పాలి. ముందు చరిత్ర పోగేసి, ఆనక దాంట్లో నిన్ను నువ్వు ఇరికించుకుంటే ఆ అతుకు కనిపించిపోతుంది.

ఫోన్లో నాకు చెప్పిన ఆదివారం సంగతి ఏమైంది? దుకాణాలన్నీ మూసేసి, పెరుగు కోసం అన్నాచెల్లెళ్ళిద్దరూ రైల్వే స్టేషన్లో ఉన్న సూపర్‌మార్కెట్‌కి పోతే, ఊరు ఊరంతా అక్కడే వరసలో ఉందన్నావు. రాత్రి తొమ్మిదికీ వెలుతురు పోక, ఏసీ లేని ఆ పాత ఇంట్లో కిటికీలు తెరుచుకుని మీ అన్నయ్య పెరుగన్నం కలిపాడన్నావు. నేను పడీ పడీ నవ్వాను. వ్యాసంలో వెతికితే లేదు! సాహిత్యానికి పనికిరాదనుకున్నావు కాబోలు. ఫోన్లో ఎలా చెప్పావో అలాగే రాయి, విశేషణాలు పెంచకు.

తిరగరాశాక సెయింట్ స్టీఫెన్ చర్చి వర్ణన రెండు వాక్యాలకి మించనీయకు. మోజార్టుకి ఒకటి చాలు. ఈ నెలాఖరులోగా పంపావంటే నాకు తెలిసిన సంపాదకుడికి చూపిస్తాను. ఆయన నాకన్నా మొరటు మనిషి, ముందే చెబుతున్నాను.

ఇట్లు,
మీ బాబాయి