కోడిపిండం పని మొదలెట్టబోయే చిట్టితల్లికి

చిట్టితల్లీ,

సెమాఫోరిన్ మీద, అదే పెరిగే నరాల కొసలకు దారి చూపే ప్రొటీన్ మీద, ప్రాజెక్టు తీసుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషమే, కానీ అప్పట్నుంచి మనసు కుదురుగా లేదు.

కిరాణా కొట్టు గుడ్లు పొదగవు, హేచరీ నుంచి తెప్పించు. ఎండాకాలం బల్లమీద వదిలేయకు. గది వేడికే పిండం కదిలి లెక్క తప్పుతుంది. 37.5 డిగ్రీల్లో పొదిగించి ఏడో రోజు తియ్యి. రోజులనే నమ్మక, పిండం దశలు చూపే 1951 నాటి హాంబర్గర్-హామిల్టన్ పట్టికతో కాళ్లూ రెక్కలూ పోల్చుకో. నడుము దగ్గరి వెన్ను గాంగ్లియాలు, అంటే వెన్నుపాము పక్కనుండే నరకణాల ముద్దలు, పెద్దవి, వాటినే ఏరు. కణాలు అతుక్కునేందుకు డిష్‌కు పూసే పాలీలైసిన్ బాగా కడుగు, మిగిలితే కణాలకు విషం. దాని మీద పూసే లామినిన్ ప్రొటీన్ మంచు మీదే మెల్లగా కరగాలి. పూశాక ఆరిపోయిందా, ఆ డిష్ పారెయ్యి. నరకణాలను పెంచే ఎన్‌జీఎఫ్ ప్రొటీన్ మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు చాలు.

మర్నాటికి ఆక్సాన్ల, అంటే నరకణాల పొడవాటి తీగల, కొసల్లో గ్రోత్ కోన్లు వేళ్లు చాచిన అరచేతుల్లా కనిపిస్తాయి. పిండంలో దారి వెతికేవి ఇవే. నెట్రిన్ అనే ప్రొటీన్ కొన్నిటిని రమ్మంటుంది, సెమాఫోరిన్ 3ఎ నువ్వు పెంచే వీటిని పొమ్మంటుంది. గమ్యం చేరిన ఆక్సానే సైనాప్స్, అంటే మరో కణంతో కలిసే చోటు, కడుతుంది.

ఇక నా భయం. 1993లో శాస్త్రవేత్త రేపర్ బృందం కోడి మెదళ్ల నుంచి ఈ సెమాఫోరిన్ 3ఎనే వేరుచేసి కొలాప్సిన్ అంది, అది తగిలితే గ్రోత్ కోన్ ముడుచుకుపోతుంది కనుక. అయితే చలికీ ముడుచుకుంటుంది! ఇంక్యుబేటర్లోంచి తీసిన డిష్‌ను ఏసీ గదిలో మైక్రోస్కోప్ కింద పెట్టి, పక్కవాళ్లతో కబుర్లాడి వచ్చేసరికి, ఏమీ కలపని డిష్‌లోనూ వేళ్లు మాయం. కార్బన్ డయాక్సైడ్ తగ్గి మీడియం, అంటే కణాలు పెరిగే ద్రవం, ఊదారంగుకు తిరిగినా ఇదే గొడవ. కుదుపు సరేసరి. పాలు పొంగుతాయేమో చూడమంటే కథల పుస్తకంలో మునిగిపోయేదానివి, అందుకే ఇంత చెబుతున్నా. ప్రొటీన్ కలిపి గంట ఆగాక, డిష్ కదపకుండా, కణాలను ఉన్నవున్నట్టు నిలిపేసే పారాఫార్మాల్డిహైడ్‌ను, 37 డిగ్రీలకు వేడిచేసిన నాలుగు శాతం ద్రావణాన్ని, సుక్రోజ్‌తో కలిపి అంచు వెంట మెల్లగా పొయ్యి. చల్లటిది పోస్తే పనంతా వృథా. ప్రొటీన్ లేని బఫర్ ఒక్కటే కలిపిన డిష్ పక్కనే ఉండాలి, దానికీ సరిగ్గా అదే నడక. లేబుళ్లు ఎవరిచేతనైనా కప్పించి లెక్కపెట్టు. ఏది దేనిదో తెలిస్తే కన్ను మోసం చేస్తుంది, నీదైనా సరే.

పారాఫార్మాల్డిహైడ్ పొగలు లాగేసే హుడ్‌లోనే కలుపు తల్లీ, రాత్రి ఒంటరిగా ఆ పని పెట్టుకోకు. మొదటి లెక్క రాగానే పంపు. బొమ్మలు తర్వాత, ముందు బఫర్ డిష్‌లో ఎన్ని ముడుచుకున్నాయో చెప్పు.

మీ పెదనాన్న