వాల్చితే ఇటాలిక్ అవదు

అమ్మలూ,

నువ్వు పంపిన కాఫీ పొడి ప్యాకెట్ డిజైన్ చూశాను. ఇంగ్లీషు పేరుకి స్లాబ్ సెరిఫ్ ఇటాలిక్, అంటే మందపాటి పాదాలుండి చేతిరాతలా కుడికి ఒరిగే అక్షరాలు, పెట్టాలన్న ఆలోచన నాకు చాలా నచ్చింది. కానీ నువ్వు పెట్టింది ఇటాలిక్ కాదమ్మా, నిటారు ఫాంట్‌ని సాఫ్ట్‌వేర్‌లో పక్కకి వాల్చావు. అందులో ఇంగ్లీషు 'ఓ' అక్షరాన్ని బాగా పెద్దది చేసి చూడు. గుండ్రం ఒక మూల లావెక్కి, ఇంకో మూల చిక్కిపోయింది.

స్లాబ్ సెరిఫ్ అంటే అక్షరం చివర దిమ్మెల్లాంటి మందపాటి పాదాలు. 1810ల్లో లండన్‌లో విన్సెంట్ ఫిగిన్స్ లాంటివాళ్లు పోతపోసిన ఈ రకం అక్షరాలు పోస్టర్ల మీద దూరం నుంచి పిలవడానికి బాగా పనికొచ్చాయి. ఇటాలిక్ దారి వేరు. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే ముద్రాపకుడు ఆ అక్షరాలతో పుస్తకం అచ్చువేశాడు. అది కలం నడక నుంచి పుట్టింది. గట్టిగా నిలబడేదాన్నీ పరుగెత్తేదాన్నీ కలపాలంటే ప్రతి అక్షరం మళ్లీ చేత్తో గీయాల్సిందే.

పీటర్ మతయస్ నోర్ట్‌జెయ్ గీసిన సిసీలియా అనే స్లాబ్ ఫాంట్ చూడు. హేగ్‌లో చదువుకుంటూ మొదలుపెట్టాడు, 1990లో లైనోటైప్ అనే ఫాంట్ల కంపెనీ విడుదల చేసింది. దాని ఇటాలిక్‌లో వెడల్పు తగ్గి, గీతలు కలం కదిలినట్టు సాగుతాయి. అయినా స్లాబ్ బలం పోదు. ఈ-పుస్తకాలు చదివే తొలి కిండిల్స్‌లో వాడిన ఫాంట్ ఇదే. గీతల మందం దాదాపు సమానంగా ఉండటంతో ఆనాటి మసక తెరల మీద కూడా అక్షరం చెదరలేదు.

నాకు ఒకసారి దెబ్బ తగిలింది. ఓ పుస్తకం అట్టకి నీలాగే వాల్చి పంపాను. గీత, పాదం కలిసే ఇరుకు మూలల్లో ఇంకు నిండిపోయి నల్ల ముద్దలయ్యాయి. వెయ్యి కాపీలు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. చేత్తో గీసినవాళ్లు ఆ మూలల్ని ముందే సన్నం చేస్తారు.

పేరుకీ, కింద ఒక చిన్న వాక్యానికీ స్లాబ్ ఇటాలిక్ చాలు. వెనకవైపు వివరాలన్నీ ఇందులోనే పెడితే కన్ను అలసిపోతుంది, అక్కడ నిటారుదే వాడు. అన్నీ క్యాపిటల్స్‌లో పెట్టకు, వరసగా పడిపోతున్నట్టుంటాయి.

తెలుగు పేరుని మాత్రం దయచేసి వాల్చకు. మన లిపికి ఇటాలిక్ సంప్రదాయం లేదు. తలకట్టు ఎలాగూ కుడికి వాలే ఉంటుంది, ఇంకా వాలిస్తే పడుకుంటుంది. 'ఠ' అయితే నలిగిన గారెలా కనిపిస్తుంది. తెలుగుని నిటారుగా, కాస్త మందంగా పెట్టు. పక్కనున్న స్లాబ్‌కి బరువు సరిపోతుంది.

మార్చాక స్క్రీన్‌షాట్ పంపకు. అసలు ప్యాకెట్ సైజులో, ఆ కవర్ మీదే ప్రింట్ తీయించి కొరియర్ చెయ్యి.

ఆశీస్సులతో,
బాబాయి