బాణం గుర్తు ఉంటే అది నేవీ కత్తేనా?

లండన్ సంతలో కొన్న మడత కత్తికి బ్లేడు, వెనకవైపు లావుపాటి ఇనుప మొల, బ్లేడు మొదట్లో బాణం గుర్తు, 1943 అనే అంకె ఉన్నాయి, ఇది బ్రిటిష్ నేవీదేనా అని అడిగారు. బాణం ఒక్కటే చూసి నేవీది అనుకోకండి. అది ప్రభుత్వ సొత్తు అని చెప్పే ముద్ర, సైన్యం వస్తువుల మీద కూడా అదే కొట్టేవారు. మొల కూడా అంతే. తాడు పేటలు విడదీయడానికి, బిగుసుకున్న ముడి విప్పడానికి నావికులు వాడిన పనిముట్టే అయినా సైనికుల కత్తులకూ ఉండేది. గుర్రం డెక్కలోని రాళ్లు తీయడానికి అని అమ్మేవాళ్లు చెబుతారు, నమ్మకండి.

అచ్చంగా ఓడల మీద వాడిన పాత కత్తుల్లో చాలావాటికి వాడి మొన ఉండదు. అంచు తిన్నగా, బ్లేడు వెడల్పుగా ఉంటుంది. తాడు మీద ఆనించి వీపు మీద చెక్క సుత్తితో కొడితే తెగిపోతుంది. ఊగే ఓడలో పక్కవాడికి గుచ్చుకోదు కూడా. నాకు బాగా ఇష్టమైనవి ఇవే.

నేను పోర్ట్స్‌మత్‌లో ఉన్న కొత్తలో అలాంటిదే ఒకటి, బ్రిటిష్ నేవీ సేనాని నెల్సన్ కాలం నాటిదంటే 40 పౌండ్లు పెట్టి కొన్నాను. ఇంటికొచ్చి మురికి తుడిస్తే కింద ‘స్టెయిన్‌లెస్’ అని ఉంది. నెల్సన్ చనిపోయిన ట్రఫాల్గర్ యుద్ధం 1805లో. షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ స్టెయిన్‌లెస్ స్టీల్ తయారు చేసింది 1913లో. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పిడి మీద చెక్కిన ఓడ పేరును భూతద్దంతో చూస్తే గీతల అడుగు కొత్తగా మెరుస్తోంది. పాత చెక్కడమైతే గీతల్లోనూ మురికి నల్లగా పేరుకుని ఉంటుంది.

ఇంకో కత్తిని శాండ్ పేపర్‌తో రుద్ది తయారీదారు ముద్రనే చెరిపేశాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది. మీరు మాత్రం నూనె గుడ్డతో తుడవండి, చాలు. పాతబడి లోహం మీద ఏర్పడిన నల్లటి పొర జోలికి వెళ్లకండి.

నక్షత్రం, మాల్టీస్ శిలువ కనిపిస్తే జోసెఫ్ రాడ్జర్స్ ముద్ర, ‘ఐఎక్స్‌ఎల్’ అయితే వాస్టెన్‌హోమ్. రెండూ షెఫీల్డ్ కత్తుల కంపెనీలే. 1943 నాటిదైతే పిడి ఎక్కువగా గళ్లు గళ్లుగా ఉన్న నల్ల ప్లాస్టిక్ అయి ఉంటుంది.

బ్లేడు తెరిచి, మొదట్లో రెండు వైపులా దగ్గరగా ఫొటోలు తీసి పెట్టండి. పేరు చదివి చెబుతాను.