అటకెక్కి చూశాక రాయి

తమ్ముడూ,

అమెరికా ఇళ్ల అటకల్లో ఇన్సులేషన్, అంటే వేడిని ఆపే పొర, వేయించుకోవడం మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను, మొదటిసారి టీ తాగుతూ, రెండోసారి పెన్ను పట్టుకుని. మొహమాటపడొద్దక్కా అని నువ్వే అన్నావు కాబట్టి చెప్తున్నా, మొదటి మూడు పేరాలూ తీసెయ్. "ప్రపంచవ్యాప్తంగా ఇంధన వనరులు తరిగిపోతున్న ఈ తరుణంలో" అని మొదలుపెట్టావు చూడు, అక్కడే నీ పాఠకుడు ఫోన్ పక్కన పడేస్తాడు. అతని బాధ ప్రపంచం కాదు. నేపర్‌విల్‌లోనో ఎడిసన్‌లోనో అప్పుచేసి ఇల్లు కొనుక్కున్నాడు, జనవరిలో హీటర్ ఎంత పెంచినా మేడమీద పిల్లల గది వణికిస్తోంది, కింద హాల్లో మాత్రం ఉక్కపోస్తోంది, గ్యాస్ బిల్లు చూస్తే గుండె గుభేలుమంటోంది. ఆ గదితో మొదలుపెట్టు.

తర్వాత భాష. "ఉష్ణనిరోధక పదార్థము" సరే, ఎక్కడో పాఠ్యపుస్తకంలో చదివుంటావు, కానీ "వాయుబంధనము" ఏమిట్రా? మా నాన్నగారు చదివితే ఏదో ఆసనం అనుకుంటారు. ఇన్సులేషన్ అని రాయి, గాలి పోయే సందులు మూయడం అని రాయి, సరిపోతుంది. అన్నట్టు ఆటిక్ అని రాసిన చోటల్లా నేను అటక అని దిద్దాను, మనకి అంత చక్కటి మాట ఉండగా ఎందుకు వదులుకోవాలి. కాకపోతే ఒక్క వాక్యంలో తేడా చెప్పు. మన అటక అంటే వంటింటి పైన ఆవకాయ జాడీలూ ఇత్తడి గుండిగలూ పెట్టుకునే అర. ఇక్కడి అటక ఇంటి సీలింగ్ మొత్తానికీ పైన, రూఫ్‌కి కింద ఉండే గుడారం లాంటి జాగా, అందులో ఎవరూ ఉండరు, చాలామంది ఇల్లు కొన్నాక ఒక్కసారి కూడా ఎక్కి చూడరు. నువ్వు కూడా ఎక్కలేదని నీ వ్యాసం చదివితే తెలిసిపోతోంది.

ఎలా తెలిసిందంటే, గాజుపీచు ఫైబర్‌గ్లాస్, కాగితప్పీచు సెల్యులోజ్, నురుగులా చిమ్మే స్ప్రే ఫోమ్ అని ఇన్సులేషన్ రకాల మీద తొమ్మిది పేరాలు రాశావు, గాలి సందుల గురించి చివర్లో "వీలైతే పగుళ్లు కూడా మూయించుకోవాలి" అని ఒక్క ముక్కతో సరిపెట్టావు. ఒక్కసారి ఎక్కినవాడెవడూ అలా రాయడు, వ్యాసం తలకిందులుగా ఉంది.

నేనూ అలాగే చేశాను, అందుకే గట్టిగా చెప్తున్నా. మాది న్యూజెర్సీలో 1970లలో కట్టిన ఇల్లు. కొన్న రెండో ఏడు ఫైబర్‌గ్లాస్ చుట్టలు తెచ్చి, నేనూ మా ఆయనా ఒక శనివారం పాత దాని మీదే పరిచేశాం. సీలింగ్‌ని మోసే చెక్కదూలం, జాయిస్టు అంటారు, దాని మీద వెయ్యాల్సిన కాలు మా ఆయన పక్కన వేశాడు, అది కింద మా పూజగది సీలింగ్‌లోంచి మోకాలి దాకా దిగింది, సరిగ్గా స్వామి పటం పైన. అదలా ఉంచు. ఫిబ్రవరి వచ్చేసరికి బాత్‌రూమ్ పక్కన సీలింగ్ మీద గోధుమరంగు మరక. రూఫ్ కారుతోందని రూఫర్ని పిలిచాం. ఆయన రూఫ్ ఎక్కనేలేదు, మడత నిచ్చెన దింపి, అటకలోకి తల పెట్టి, టార్చి పైకి కొట్టి, రండి చూడండి అన్నాడు. రూఫ్ చెక్కలోంచి కిందికి పొడుచుకొచ్చిన ప్రతి మేకు కొసకీ మల్లెమొగ్గంత మంచు. వందల మొగ్గలు. మేం స్నానాలు చేసిన ఆవిరీ, ఇడ్లీ కుక్కర్ ఆవిరీ, మా ఊపిరీ అన్నీ సందుల్లోంచి పైకి వెళ్లి అక్కడ గడ్డకట్టాయి, ఎండ కాసిన రోజున కరిగి చుక్కచుక్కగా కిందికి దిగాయి. బాత్‌రూమ్ ఫ్యాన్ గొట్టమైతే రూఫ్ దాకా వెళ్లకుండా మధ్యలోనే ఊడి అటకలో పడి ఉంది. సందులు మూయకుండా పైన దుప్పటి మందం చేశాం కదా, అటక ఇంకా చల్లబడింది, తేమ మాత్రం ఎప్పటిలాగే వస్తోంది, మంచు పెరిగింది.

ఆ పరుపు ఎత్తి చూస్తే పసుపుగా ఉండాల్సిన ఫైబర్‌గ్లాస్ అక్కడక్కడా బూడిదరంగులో, కొన్నిచోట్ల మసిగుడ్డలా ఉంది. బూజు అనుకుని భయపడ్డాను. కాదు, దుమ్ము. ఫైబర్‌గ్లాస్ వేడిని ఆపుతుంది గానీ గాలిని ఆపదు, వడగడుతుంది, ఇన్నేళ్లూ ఇంట్లోంచి పైకి పోయిన గాలి తన దుమ్మంతా అందులో వదిలేసి పోయింది. ఎక్కడ నల్లగా ఉందో సరిగ్గా దాని కింద సందు ఉంది. దీనికంటే మంచి మ్యాప్ నీకెవడూ గీసివ్వడు. ఈ మసిగుడ్డ నీ వ్యాసంలో రెండో పేరాలో ఉండాలి.

అప్పుడు కారణం చెప్పు. వేడిగాలి తేలిక, పైకి పోతుంది. చలికాలంలో ఇల్లే ఒక పొగగొట్టం, పైన అటక సందుల్లోంచి ఎంత వేడిగాలి పోతే అంత చల్లగాలి కింద బేస్‌మెంట్ నుంచీ గుమ్మాల కిందనుంచీ లోపలికి దూరుతుంది. అంటే కింద సోఫాలో కూర్చున్నవాడి పాదాలకి తగిలే చలిగాలికి మందు పైన అటకలో ఉంది. దీన్ని స్టాక్ ఎఫెక్ట్ అంటారని తర్వాత పేరు చెప్పు, ముందు పాదాలు చెప్పు.

సందులెక్కడ ఉంటాయో రాసేటప్పుడు మాత్రం పాఠకుడి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లు. గోడల పైన పడుకోబెట్టిన చెక్కకీ గోడకీ సీలింగ్‌కీ బిగించే డ్రైవాల్ పలకకీ మధ్య, కరెంటు వైర్ల కోసం దానికి తొలిచిన బెజ్జాల్లో, టాయిలెట్ గొట్టం పైకి వెళ్లేచోట, సీలింగ్‌లోకి దిగబెట్టిన క్యాన్ లైట్ల చుట్టూ. వంటింటి కప్‌బోర్డుల పైన సీలింగ్ కిందికి దించి కడతారు చూడు, దాని పైభాగం చాలా పాత ఇళ్లలో అసలు మూసే ఉండదు, పెట్టెకి మూత లేనట్టు. పావు అంగుళం లోపు సందుకి జిగురు నింపే కాక్ గన్, అంతకంటే పెద్దదానికి డబ్బాలోంచి చిమ్మే ఫోమ్, చెయ్యి దూరేంత ఉంటే గట్టి ఫోమ్ బోర్డు ముక్క కోసి పెట్టి అంచులు మూయడం. ఫర్నేస్ పొగ బయటికి పోయే ఫ్లూ గొట్టం దగ్గర ఇవేవీ వాడకూడదు, అక్కడ రేకు, వేడికి ఆగే సీలెంట్ మాత్రమే, ఇన్సులేషన్ గొట్టాన్ని తాకకుండా రేకుతో చిన్న ప్రాకారం కట్టాలి. క్యాన్ లైట్ మీద ఐసీ అనే గుర్తు, అంటే ఇన్సులేషన్ తగిలినా ఫర్వాలేదని, లేకపోతే ఇన్సులేషన్ దానికి కనీసం మూడంగుళాల దూరంలో ఉండాలి. ఇలాంటి చోట శైలి చూపించకు, ఒక్కో వాక్యంలో ఒక్కో మాట చెప్పు, ఇది చదివి ఎవడో నిజంగానే ఎక్కుతాడు.

సందు కనిపెట్టడానికి మనవాళ్లకి ఒక సౌకర్యం ఉంది, అగరుబత్తి. బాగా చలిగా ఉన్న రోజు వంటింటి ఫ్యాన్, బాత్‌రూమ్ ఫ్యాన్ ఆపేసి, అటక మూత అంచు కింద అగరుబత్తి పట్టుకుంటే పొగ తిన్నగా సందులోకి లాక్కుపోతుంది. వెలిగించినదాన్ని పైకి తీసుకెళ్లొద్దని కూడా రాయి. సరిగ్గా కొలవాలంటే బ్లోయర్ డోర్ టెస్ట్ ఉంది, గుమ్మానికి పెద్ద ఫ్యాన్ బిగించి ఇంట్లో గాలి ఒత్తిడిని 50 పాస్కల్స్ తగ్గించి, గంటకి ఇంటి గాలి ఎన్నిసార్లు మారుతోందో చూస్తారు. చలి ప్రాంతాల్లో కొత్త ఇళ్లకి మూడుసార్లు మించకూడదని 2021 ఇళ్ల నిర్మాణ కోడ్. పాత ఇళ్లు దాని దరిదాపుల్లో ఉండవు.

అటక మూత గురించి నువ్వు అసలు రాయలేదు, నాకు మాత్రం అదంటే ప్రాణం. లెక్క వేసి చూపించు. వెయ్యి చదరపు అడుగుల సీలింగ్, అందులో 990 అడుగులకి ఆర్-38 ఇన్సులేషన్ (ఆర్ అంటే వేడిని ఎంత ఆపుతుందో చెప్పే కొలత, ఎక్కువైతే మంచిది), మిగిలిన పది అడుగులు మడత నిచ్చెన మూత, పల్చటి ప్లైవుడ్, దాదాపు ఆర్-1. 990ని 38తో భాగిస్తే 26, పదిని ఒకటితో భాగిస్తే పది. అంటే సీలింగ్‌లో నూటికి ఒక వంతున్న మూతలోంచి, పైకి పోయే వేడిలో పావు వంతుకి పైగా పోతోంది. ఇంజనీర్లు కూడా ఈ లెక్క చూసి ఒకసారి మళ్లీ వేసుకుంటారు.

అంకెలు ఇచ్చినప్పుడు ఊరు కూడా ఇవ్వు. "ఆర్-60 తప్పనిసరి" అని రాశావు. 2021 కోడ్ ప్రకారం నేపర్‌విల్‌లో, మా న్యూజెర్సీలో కొత్త ఇంటికి ఆర్-60, డాలస్‌లో ఆర్-49, అదీ కొత్తగా కట్టే ఇంటి సంగతి. ఆర్-60 అంటే సెల్యులోజ్ సుమారు 17 అంగుళాలు, ఊది నింపే ఫైబర్‌గ్లాస్ అయితే రెండడుగులు. ఇప్పటికే ఆర్-38 ఉన్నవాడు ఇంకా పోయించుకుంటే మిగిలేది తక్కువ, ఆర్-11 ఉన్నవాడు ఆర్-38కి వెళ్తే సీలింగ్‌లోంచి పోయే వేడి మూడోవంతు కంటే తక్కువకి పడిపోతుంది. డాలస్ పాఠకుడికి ఇంకో సంగతి, అక్కడ చాలా ఇళ్లలో ఏసీ డక్టులు అటకలోనే ఉంటాయి. 120 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటే జూలై అటకలో నీ చల్లగాలి ప్రయాణం చేస్తోంది, ఆ డక్టు అతుకులు మూయకుండా ఎన్ని అంగుళాలు పోసినా ఏం లాభం.

"బిల్లు సగమవుతుంది" కొట్టెయ్. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వాళ్ల అంచనా, హీటింగ్, కూలింగ్ ఖర్చులో సగటున 15 శాతం, అదీ అటకతోపాటు బేస్‌మెంట్ అంచులూ, ఇంటి కింద పాకుతూ వెళ్లే జాగా, క్రాల్ స్పేస్, దాని పైనున్న నేలా కూడా చేయిస్తే. ఆ 30 శాతం ఫెడరల్ టాక్స్ క్రెడిట్ కూడా కొట్టెయ్, ఏడాదికి 1200 డాలర్ల దాకా ఇచ్చేవాళ్లు, 2025 డిసెంబర్ 31తో ఆగిపోయింది. పాత వ్యాసంలోంచి ఎత్తినట్టున్నావు. దొరికిపోతావు, పైగా ఆ మాట నమ్మి ఒకడు ఖర్చుపెట్టి కూర్చుంటాడు.

భయపెట్టాల్సినచోట భయపెట్టు. పాత ఇంటి అటకలో మెరిసే బూడిదరంగు గులకరాళ్ల లాంటి పాతరకం ఇన్సులేషన్, వర్మిక్యులైట్, కనిపిస్తే కదపకుండా దిగిపోవాలి. 1990 దాకా మోంటానాలోని లిబ్బీ గని నుంచి వచ్చినదాంట్లో ఊపిరితిత్తులకి ప్రమాదమైన ఆస్బెస్టాస్ పీచు కలిసి ఉండేది, అమెరికాలో అమ్మినదాంట్లో ఎక్కువ భాగం అదే. ఇంకోటి, ఇంటి సందులన్నీ మూశాక పాతరకం వాటర్ హీటర్ పొగ పైకి పోకుండా ఇంట్లోకే తిరిగి రావొచ్చు, అందుకే పని అయ్యాక పొగ సరిగ్గా పైకి పోతోందో లేదో చూసే డ్రాఫ్ట్ పరీక్ష చేయించాలి, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. ఈ రెండూ అడుగున ఎక్కడో పారేయకు. అటకలోకి గాలి వచ్చే చూరు కింది సాఫిట్ రంధ్రాలు పూడిపోకుండా బాఫిళ్లు, అంటే అడ్డుపలకలు, పెట్టాలన్న వాక్యం బాగా రాశావు, దాన్ని ముట్టుకోలేదు.

ఈ శనివారం ఎక్కు. ఎండాకాలమైతే పొద్దున ఏడింటికల్లా దిగిపోయేలా చూసుకో. ఎన్95 మాస్క్, పొడుగు చేతుల చొక్కా, తల లైటు, మోకాళ్ల కింద రెండు జాయిస్టుల మీద ఆనేలా ప్లైవుడ్ ముక్క. కింద మీ ఆవిణ్ణి ఉండమను, మా పూజగది కథ తనకి ముందే చెప్పకు. ఒక మూల పాత ఇన్సులేషన్ ఎత్తి తిరగేసి చూడు, నల్లగా ఉన్న ముక్క దొరికితే ఫొటో తీసి పంపు, దొరక్కపోయినా మొత్తం పంపు. వ్యాసం మాత్రం దిగి స్నానం చేశాకే మళ్లీ ముట్టుకో, ఆ పీచు దురద రెండు రోజులుంటుంది.

మీ అక్క