బాగున్నప్పుడు లిథియం మానేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 34. ఆరేళ్ల క్రితం బైపోలార్ డిజార్డర్ అని తేల్చారు. లిథియం వాడుతున్నాను, మూడేళ్లుగా కులాసాగా ఉన్నాను. అయితే చేతులు సన్నగా వణుకుతున్నాయి, కిడ్నీలు పాడవుతాయనీ అంటున్నారు. మానేయవచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: మీరు మూడేళ్లుగా కులాసాగా ఉండటంలో ఆ మందు పాత్ర చాలానే ఉండి ఉంటుంది కాబట్టి, దయచేసి సొంతంగా మానేయకండి. బైపోలార్ డిజార్డర్ అంటే కొన్నాళ్లు అతి హుషారు, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు కమ్ముకునే, తిరగబెట్టే స్వభావమున్న జబ్బు. లిథియం ఉన్నట్టుండి ఆపేస్తే మేనియా (అదుపు తప్పిన అతి హుషారు దశ) మళ్లీ రావడానికీ, ఆత్మహత్య ఆలోచనలు ముదరడానికీ అవకాశం పెరుగుతుంది. ఎప్పుడైనా ఆపాల్సి వచ్చినా సైకియాట్రిస్టు పర్యవేక్షణలో నెలల తరబడి మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

మీ భయం మాత్రం కొట్టిపారేయదగ్గది కాదు. దీర్ఘకాలం వాడితే కొందరిలో కిడ్నీల పనితీరు, థైరాయిడ్ దెబ్బతింటాయి. అందుకే సాధారణంగా ఆరు నెలలకోసారి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష), థైరాయిడ్, కాల్షియం, రక్తంలో లిథియం మోతాదు చూస్తారు. లిథియం పరీక్షకు రక్తం చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు ఇవ్వాలి. ఉదయం మాత్ర ఉంటే రక్తం ఇచ్చాకే వేసుకోవాలి, లేకపోతే అంకె ఎక్కువగా కనిపించి అనవసరంగా మోతాదు తగ్గించే ప్రమాదముంది. సన్నని వణుకుకు మోతాదు సవరించడం వంటి మార్గాలున్నాయి, డాక్టరుతో చెప్పండి. ఒళ్లునొప్పులకు ఐబుప్రోఫెన్ లాంటివి అడక్కుండా వేసుకోవద్దు, అవి రక్తంలో లిథియంను పెంచుతాయి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, వణుకు ముదిరినా, నడక తూలినా, మాట ముద్దగా వచ్చినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. గర్భం కోరుకుంటే ముందుగానే చర్చించండి.

ఇక ఏళ్ల తరబడి సాగే వైద్యంలో డాక్టర్లు మారుతుంటారు, మీ చరిత్ర తెలిసిన మనిషి మీరే అవుతారు. ఏ మందు ఎప్పుడు, ఎంత మోతాదులో వాడారో, ఎందుకు ఆపారో ఒక నోటుబుక్కులో రాసుకోండి. రోజూ ఎన్ని గంటలు నిద్రపోయారో కూడా రాయండి. మూడు, నాలుగు గంటలే పడుకుని కూడా అలసట లేకుండా హుషారుగా ఉంటే అది మేనియాకు ముందస్తు సూచన కావచ్చు. చిక్కేమిటంటే, ఆ దశలో తనకు జబ్బుందని రోగికి అనిపించదు, డాక్టరు మాట చాదస్తంగా తోస్తుంది. కనుక ఇప్పుడే, నిలకడగా ఉన్నప్పుడే, మీరు నమ్మే ఒకరిని డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్లి, అలాంటి మార్పు కనిపిస్తే వారు నేరుగా డాక్టరుకు ఫోన్ చేయవచ్చని ముగ్గురూ కలిసి ఒప్పందం చేసుకోండి.