చెక్ రెస్టారెంట్లో 'కావ' ఎందుకు 'కావు' అవుతుంది?

మెనూలో కాఫీ పేరు 'కావ' అని ఉన్నా, ఆర్డర్ చెప్పేటప్పుడు 'కావు' అనాలి. మనం 'కాఫీ తాగుతా' అని ఊరుకుంటాం. చెక్ భాషలో మాత్రం కర్మగా వచ్చే మాటకు ద్వితీయా విభక్తి తప్పనిసరి. అందుకే 'అ'తో ముగిసే స్త్రీలింగ పదాల చివర 'ఉ' వస్తుంది. సూప్‌ని 'పొలేవ్క' అంటారు. అది కావాలంటే: 'దామ్ సి పొలేవ్కు, ప్రొసీమ్'. అంటే 'నేను సూప్ తీసుకుంటానండీ' అని. చివరి 'ప్రొసీమ్' మర్యాద కోసం, వదిలేయకండి.

చాలామంది ప్రతి మాటకీ 'ఉ' తగిలించేస్తారు. అది పొరపాటు. బీరు 'పివొ'గానే, టీ 'చాయ్'గానే (అవును, మన చాయే!) ఉంటాయి. 'కావ' అనేసినా వెయిటర్ కాఫీయే తెస్తాడు, టెన్షన్ అక్కర్లేదు.